వెనక నడిచిన మనిషి

సింగ్రాయ్ వదిలిన బాణం పందికి తగిలింది గాని, పంది పడలేదు. పొదలు విరుచుకుంటూ లోయలోకి దిగిపోయింది.

ముసలాయన వంగి, ఎండుటాకు మీది నెత్తురు వేలితో తీసి వాసన చూశాడు.

"కడుపులో తగిలింది. తొందరగా చావదు" అన్నాడు.

ఆయన వాళ్ల ఊరివాడు కాడు. మయూర్‌భంజ్ సంతాలు గిరిజనులు ఊరూరి నుంచీ ఏడాదికోసారి విల్లంబులతో కొండెక్కే వేట అది. పొద్దున కొండ కింద ఎదురొచ్చి, "నీ వెనక నడుస్తాను బాబూ" అని సింగ్రాయ్‌ని అడిగాడు. వేటలో తోడొస్తానన్నవాణ్ణి కాదనకూడదు. పేరు బుధన్ అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

"దిగుదాం పద" అన్నాడిప్పుడు.

పొద్దు వాలుతోంది. కొండ కింద నగారాలు పిలుస్తున్నాయి. లోయలోంచి ఒక్క పిట్ట కూత కూడా లేదు.

"ఆ ముళ్లలోకా? రేపటికి అదే చస్తుందిలే తాతా" అన్నాడు సింగ్రాయ్.

"చచ్చేలోపు దాని దారిన ఎవరొస్తారో?"

సింగ్రాయ్ బావమరిది చైతన్ నవ్వాడు. "పొద్దున్నుంచి ఒక్క బాణం వెయ్యలేదు. ఇప్పుడొచ్చిందా పౌరుషం?"

జట్టులోని మిగతా ఇద్దరూ నవ్వారు.

బుధన్ వాళ్లవైపు చూడలేదు. "నీ బాణం దాని కడుపులో ఉంది. నువ్వు దిగాలి బాబూ."

"నాకు ఆకలేస్తోంది. నీకంత బాధగా ఉంటే నువ్వే వెళ్లు."

ముసలాయన విల్లు సర్దుకుని ఒంటరిగా దిగిపోయాడు.

కింద కుందేళ్లు కాల్చారు. సింగ్రాయ్ ఒక వాటా ఆకులో చుట్టి పక్కన పెట్టాడు. తెల్లారేదాకా ఆ పొట్లం విప్పినవాళ్లు లేరు.

వెలుగు రాగానే నలుగురూ లోయలోకి దిగారు. సింగ్రాయే ముందు నడిచాడు.

"తాతా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

పంది వాగు ఒడ్డున చచ్చి పడి ఉంది. మెడలో బుధన్ బాణం. పదడుగుల అవతల బుధన్, బండకు ఆనుకుని. తొడ నిలువునా చీరుకుపోయింది. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది.

ఆకులు కోసుకోడానికి వచ్చిన ఆడవాళ్లు ఆయన్ని గుర్తుపట్టారు. అవతలి ఊరికి పరుగెత్తి ఆయన తమ్ముణ్ణి పిలుచుకొచ్చారు.

తమ్ముడు అన్న కళ్లు మూశాడు. పంది కడుపులోంచి బాణం లాగాడు. కర్ర మీద ఎవరిదో తెలిసేలా గుర్తుగా చెక్కిన మూడు గాట్లున్నాయి.

"ఎవరిది?"

"నాది" అన్నాడు సింగ్రాయ్. "మేం వదిలేశాం. ఆయనొక్కడే దిగాడు. ఎవరో ఏమిటో మాకు చెప్పలేదు."

"ఏమని చెబుతాడు? పోయినేడు ఈ వాగు దగ్గరే ఒక పంది ఆయన కూతుర్ని చంపింది. దాని కడుపులోనూ మూడు గాట్ల బాణమే ఉంది."



తమ్ముడు బాణాన్ని సింగ్రాయ్ చేతిలో పెట్టాడు.

"ఏడాదంతా ఊరూరా తిరిగి అది నీదని తెలుసుకున్నాడు. నిన్న విల్లు పట్టుకుని బయల్దేరితే, నిన్ను చంపడానికే వెళ్తున్నాడనుకున్నాం."