ఖాళీగా వచ్చిన డబ్బా

గొడుగు మరిచిపోయి వార్డులోకి వెనక్కి వచ్చింది కాబట్టి ఆవిడకి దొంగ దొరికాడు.

పక్క మంచం మఫ్లరాయన. ఆయన ఒళ్ళో ఆవిడ డబ్బా. అందులో భర్త కోసం తెల్లారకుండానే లేచి, సన్నగా తరిగి, ఆవిరి మీద ఉడికించి తెచ్చిన క్యాబేజీ.

ఒక చేత్తో మంచం కమ్మీని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తింటున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కక్కుర్తి పడి గబగబా మింగితే మరి కారవూ, అనుకుంది ఆవిడ.

పేపర్లో చదివిన రోజు నుంచి ఆవిడకి క్యాబేజీ కూర కాదు, మందు. కాన్సర్‌తో పోరాడే గుణం దానికి ఉండవచ్చని రాశారు. 'ఉండవచ్చు' దగ్గర ఆవిడ కళ్ళు ఆగలేదు. "తింటే మంచిదే గానీ, అదే మందనుకోకండమ్మా" అని డాక్టరు అన్నా చెవికెక్కలేదు. గుండెల్లో భయం ఉన్నవాళ్ళకి చెవులు సగమే పనిచేస్తాయి.

పొద్దున ఇచ్చి వెళితే సాయంత్రానికి డబ్బా ఖాళీ. భర్త కోలుకుంటున్నాడనే నమ్మింది.

"సిగ్గు లేదటండీ? అది మా ఆయన ప్రాణం. కూరనుకున్నారా?"

మఫ్లరాయన నోట్లోది మింగాడు. చాలాసేపు పట్టింది.

"బాగుందమ్మా," అన్నాడు బొంగురుగా. "ఉప్పే కాస్త తగ్గింది."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"పరుల సొమ్ము పామంటారు. మీరేమో దానికి వంకలు కూడా పెడుతున్నారు."

భర్త గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సిస్టర్‌ని బతిమాలి, మఫ్లరాయన్ని ఆ చివరి మంచానికి మార్పించింది. ఆయన తన గ్లాసూ దుప్పటీ తనే మోసుకుని వెళ్ళాడు.

మర్నాటి నుంచి డబ్బా నిండుగా తిరిగి రాసాగింది.

"దొంగ పీడ వదిలింది కదా, ఇప్పుడైనా తినండి," అంది ఒకరోజు, ఏడుపు ఆపుకుంటూ.

"తినలేనే. ఇంజెక్షన్లు మొదలైనప్పటి నుంచి ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది. ఒక్క ముద్ద కూడా తినలేదు నేను."

"మరి ఆయన?"

"పారేయమని నేనే ఇచ్చా. ఖాళీ డబ్బా చూస్తే నీ మొహం వెలిగేది. ఆయనేమో, 'ఆ తల్లి ఇంత ఆశగా చేసింది, చెత్తబుట్టలో ఎలా వేస్తాం' అన్నాడు. తనకి క్యాబేజీ మహా ఇష్టమట. నువ్వు తిడుతుంటే నాకే నోరు పెగల్లేదు."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. డబ్బా పట్టుకుని చివరి మంచం దాకా పరుగులాంటి నడక నడిచింది.

సిస్టర్ పరుపు మీది దుప్పటి తీస్తోంది.

"ఆయనేరీ సిస్టర్?"

"పొద్దున్నే పోయారమ్మా."

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. "ఇదంటే ఆయనకి ఇష్టం. ఈసారి నేనే పెడదామని..."

సిస్టర్ చెయ్యి ఆగింది.

"ఆయన తినడమేంటమ్మా? ఆయనది గొంతు కాన్సర్. గుక్కెడు మంచినీళ్ళు మింగాలన్నా ఈ కమ్మీ పట్టుకుని ఏడ్చేవారు."