కోసేసిన పాత్ర

పొద్దున్నుంచీ ఆకాశం మబ్బు పట్టి, ఒక్క చినుకూ రాల్చకుండా అలాగే ఉంది. రాత్రయ్యేసరికి నా ఒళ్లూ అలాగే బరువెక్కింది. మా విద్యార్థుల కొత్త నాటకం అరగంట దాటుతోంది. తగ్గించకపోతే రేపటి ప్రదర్శన లేదని కాలేజీవాళ్లు తేల్చేశారు. అందుకే నానమ్మ పాత్రను మొత్తం కోసేసి, ఆ వేషం వేసే పిల్లను ఇంటికి పంపేశాను.

మళ్లీ ఆడించి చూశాను. ఒక్క నిమిషమూ తగ్గలేదు. నానమ్మ మాటలుండే ప్రతిచోటా మనవడి వేషం కుర్రాడు ఆగి, ఖాళీ కుర్చీ వైపు తల ఊపుతున్నాడు.

“ఎందుకురా ఆ నాన్చుడు? నిద్రొస్తోందా?”

“ఊరికే ఆగట్లేదు సార్. పెద్దావిడ మాట్లాడుతుంటే మధ్యలో దూరమంటారా?”

ఎవరూ నవ్వలేదు. నాటకం రాసిన అమ్మాయి మెల్లగా అంది: “మీరు కోసేశారు, సరే. నానమ్మకి ఎవరు చెప్పారు సార్?”

“ముందు తిందాం పదండి,” అన్నాను.

వేదిక మీదే గుండ్రంగా కూర్చుని, పొట్లాలు విప్పి, మాటామంతీ లేకుండా తిన్నాం. కాసేపటికి నేను నమలడం ఆపాను. నన్ను చూసి పిల్లలూ ఆపారు.

బోసినోటితో నమిలే చప్పుడొకటి మాత్రం, తీరిగ్గా, సాగుతూనే ఉంది.