రెండో బొమ్మ

“ఈ రెండిట్లో ఏ బొమ్మ బాగుండాదో చూసి చెప్పన్నా,” అన్నాడు హిందూపురంలో కారు సామాన్ల అంగడాయన, కారు చుట్టూ చూపించే కెమెరాల తెరలు రెండు ముందు పెట్టి.

తిరుపాల్ పొద్దున పెనుకొండలో బడిపిల్లల్ని దించి, అదే కారులో నేరుగా వచ్చాడు. ఇది నాలుగో అంగడి. పక్కన స్టూలు మీద భార్య రూతమ్మ మోకాళ్ళు ఒత్తుకుంటోంది. కారు వెనక్కి తీసిన ప్రతిసారీ దిగి, వెనక నిలబడి ‘రా, రా’ అని చెయ్యి ఊపేది ఆమే. ఏడాదిగా అదే పని.

“ఈయమ్మ దిగే పని లేకుంటే చాలప్పా. మోకాళ్ళు పట్టేసినాయి. నలుపక్కలా తెరలోనే కనపడల్ల,” అన్నాడు తిరుపాల్.

“రెండిటికీ నాలుగేసి కెమెరాలుండాయి. ఏదో ఒకటి తేల్చన్నా.”

తిరుపాల్ తెరల మీదికి వంగాడు. కళ్ళు నులుముకుని చాలాసేపు చూశాడు.

“రెండూ ఒకటే మాదిరి ఉండాయి. ఆ రెండోదే ఇయ్యి.”

అంగడాయన పకపకా నవ్వాడు. “బలేటోడివన్నా! రెండోదాని కెమెరాల మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా పీకనే లేదు. అంత మసగ్గా ఉంటే ఒకటే మాదిరంటావే!”

తిరుపాల్ కూడా నవ్వబోయి, రూతమ్మ ముఖం చూసి ఆగిపోయాడు.

ఆమె మెల్లగా లేచింది. అతని చేతిలోని కారు తాళం తీసుకుని కొంగున ముడివేసుకుంది.

“సాయంత్రం పిల్లోల్ని తోలుకోని రావల్ల గదా,” అన్నాడు తిరుపాల్ గొంతు తగ్గించి.

“వాళ్ళ నాయనలకు నేను ఫోన్ చేసి చెప్తాలే.”

రూతమ్మ అంగడాయన వైపు తిరిగింది.

“పెనుకొండ బస్సు యాడ నిలుస్తాదప్పా?”