ఆ వాసన పేరు

"ముక్కుతో పనిలేదన్నానా! నీ మిషన్లేమంటాయో అది చెప్పు చాలు" అంటూ తండ్రి చిన్న గోధుమరంగు సీసాను ల్యాబ్ బల్ల మీద పెట్టాడు.

కూతురికి నవ్వొచ్చింది. "ఏ వాసన తేలకపోయినా ఊరంతా నీ అత్తరు కొట్టుకే వస్తారు. నువ్వేమో నా దగ్గరికొచ్చావా నాన్నా?"

"అందరూ నా మాట నమ్ముతారు. ఈ సీసా తెచ్చినావిడ మాత్రం రుజువు కావాలంటోంది. పెళ్లినాడు మొగుడిచ్చిన సెంటట. ఆయన పోయాడు, సీసా అడుగున ఈ కాస్తా మిగిలింది. అచ్చం ఇలాంటిదే చేసిపెట్టమని కూర్చుంది. తేడా వచ్చిందంటే ఆవిడకి మొగుడు రెండోసారి పోయినట్టే తల్లీ."

ఆమె మూత మీద చెయ్యి వేసింది.

"వాసన చూడకు! చూశావంటే దాన్నే పట్టుకు వేలాడతావు."

ఆ మాట సబబుగానే తోచింది. గాలిని బయటికి లాగేసే గాజు అరలో చేతులు పెట్టి పని మొదలుపెట్టింది. బయట వాన వెలిసి, కిటికీలోంచి పాలనురగలాంటి వెలుతురు పరుచుకుంది. సోడా నీళ్లలో చుక్క వేస్తే బుడగ రాలేదు. "ఆమ్లం కాదు." ఇంకో గొట్టంలో నారింజరంగు పొడి పేరుకోవాలి, పేరుకోలేదు. "ఆల్డిహైడూ కాదు, కీటోనూ కాదు." మూడో గొట్టంలో ఆఖరి చుక్క పడగానే ఊదారంగు ఒకటి మెల్లగా ఒళ్లు విరుచుకుంటూ కిందికి దిగింది.

"ఎస్టర్ నాన్నా! పూలల్లో, పళ్లల్లో ఉండే జాతి."

తండ్రి మబ్బును చూస్తున్నవాడిలా ఆ రంగునే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత యంత్రాల వంతు. మొదటి తెర మీద గీత నిదానంగా నడిచి, ఎస్టర్ ఉండాల్సిన చోట లోయలోకి జారింది. రెండో తెర మీద మంచులోంచి కొండలు లేచినట్టు శిఖరాలు లేచాయి. ఆమె వేలితో చూపించింది.

"ఇది బెంజీన్ వలయం. దానికి తగిలించిన చిన్న కొక్కెం ఇది. ఈ చివర ఎసిటేట్. ఇంకేమీ కలవలేదు. బెంజైల్ ఎసిటేట్! మల్లెల వాసనలో ముఖ్యమైనది ఇదే."

"మల్లెలు..." తండ్రి ముఖం విప్పారింది. "నేననుకున్నదే! నాకు ముందే తెలుసు. ఏదీ, ఇటు తే సీసా."

ఆమె బల్ల మీది సీసా అందించింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, మూత తీసి, కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చాడు.

"ఆహా! పూలు చుట్టిన తడిగుడ్డ విప్పగానే మొదట చల్లటి గాలొకటి తగులుతుంది చూడూ, అదీ. దాని వెనక కాస్త పచ్చి తొడిమ. ఇంకా లోపల... రాత్రంతా తలగడ మీద నలిగిన పువ్వు. మీ అమ్మ అప్పుడే నిద్రలేచి, జుట్టు ముడేసుకుంటూ అటు తిరిగినట్టుందే."

కూతురు తెరల వంక చూసింది. ఏ యంత్రం చెబుతుంది ఇంత? ఆయన్నలా వదిలేసి, చప్పుడు కాకుండా గొట్టాలు కడుక్కుంది. గొట్టాలు తొలపడానికి కాసిని మంచినీళ్లు పోసి పెట్టుకున్న సీసా ఒకటి బల్ల మీద మిగిలింది. అదీ గోధుమరంగుదే, అంతే ఉంది. నీళ్లు పారబోద్దామని మూత తిప్పింది.

గుప్పుమని మల్లెలు! ముఖాన కొట్టి, గదంతా నిండిపోయాయి.

ఆమె గబుక్కున మూత బిగించి, మెల్లగా వెనక్కి తిరిగింది.

కిటికీ దగ్గర తండ్రి, కళ్లు మూసుకునే, ఉత్త నీళ్లున్న సీసాను ముక్కుకి మరింత దగ్గరగా పెట్టుకున్నాడు.