చంటిదాని ఉద్యోగం

నిన్న పొద్దున మొదలైన మీటింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి కింది హాల్లోంచి మేడ మీదికి మారారే తప్ప సభ్యుల్లో ఒక్కరూ ఇంటికి పోలేదు. కుర్చీల్లోనే కునుకు తీసి, ఉన్న బిస్కెట్లు పంచుకు తిని, తెల్లారగానే మళ్ళీ చర్చకి కూర్చున్నారు. ఇంత శ్రద్ధ గల కమిటీని ఆ వాతావరణ కేంద్రంలో ఇదివరకు ఎవరూ చూసి ఉండరు.

ఎజెండాలో ఉన్నది ఒకే ఒక్క అంశం. పరిశోధన విభాగంలో తయారైన కొత్త వాన మోడల్‌ని రోజువారీ అంచనాలిచ్చే ఆపరేషన్స్ విభాగంలోకి తీసుకోవాలా, వద్దా?

దాన్ని తయారు చేసిన సైంటిస్టు బల్ల చివర కూర్చుని ఉంది. మోడల్‌కి ఆమె పెట్టుకున్న ముద్దుపేరు చంటిది. చంటిదానికి మొన్ననే ఎనిమిదేళ్ళు నిండాయి. "నీ చంటిది ఇంకా ఉద్యోగంలో చేరలేదా అమ్మాయ్?" అని అత్తగారు అడుగుతూనే ఉంటారు.

ఎలా చేరుతుంది? ఒక ఏడు, ఆపరేషన్స్ కంప్యూటర్లలో అది ఎక్కడం లేదన్నారు. మరో ఏడు, ఎక్కింది గానీ పాత మోడల్‌తో ఏకీభవించడం లేదన్నారు. పాతదాని మాటే చెప్పేటట్టయితే కొత్తది దేనికని ఆమె అడిగింది. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, దాని మీద ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం ఇంతవరకు ఒక్కసారీ సమావేశం కాలేదు.

ఏ వారంలో ఎంత వాన పడుతుందో చాలా ముందుగా లెక్కగట్టడం చంటిదాని పని. కానీ పరిశోధనలో ఉన్నంతకాలం దాని మాట ఆఫీసు గుమ్మం దాటకూడదు. ఆపరేషన్స్ ముద్ర పడితేనే ఏటి ఒడ్డు కాలనీలకి హెచ్చరిక వెళ్తుంది. ఆమె దిగులంతా ఆ కాలనీల గురించే. తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల కావడం లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి ఆమె కట్టుకున్నవాడే. ఆపరేషన్స్ విభాగానికి ఆయనే పెద్ద. ఇంట్లో "ఏమోయ్" అని పిలిచే మనిషి ఆఫీసులో అడుగు పెట్టగానే "మేడమ్ గారూ" అంటాడు.

ఈ వారం చంటిదానికి ఆఖరి పరీక్ష. ఎన్నడూ లేనంత వాన ఈ వారంలో పడుతుందని అది కిందటి నెలలోనే చెప్పింది. పాత మోడల్ మాత్రం చుక్క కూడా పడదంది. ఏది నెగ్గిందో వానని కొలిచే గేజీ రీడింగ్ వస్తే తేలిపోతుంది.

ఆ రీడింగే రాలేదు. గేజీ చూసే ఉద్యోగి నిన్నటి నుంచి డ్యూటీకి రావడం మానేశాడు. అతనికి మెమో సరిపోతుందా, చార్జిషీటే ఇవ్వాలా అన్నదాని మీద చాలాసేపు వాదులాడుకున్నారు. గొంతులెండిపోయాయి గానీ టీ తేవడానికి కిందనున్న క్యాంటీన్‌కి ఎవరూ కదల్లేదు.

చివరికి చైర్మన్ రూల్స్ పుస్తకం తిరగేశాడు. రీడింగ్ అందకపోతే సున్నా వేసుకోవాలని అందులో ఉంది. సున్నా వేశారు. చుక్క పడదన్న పాత మోడల్‌కి నూటికి నూరు మార్కులొచ్చాయి. చంటిది ఘోరంగా ఫెయిలైంది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఒక్కసారి అందరూ లేచి తనతో గది బయటికి వస్తే రుజువు చూపిస్తానంది.

"కంటితో చూసింది డేటా కాదమ్మా," అన్నాడు చైర్మన్ ఓపిగ్గా. "పైగా అందరం లేచి వెళ్ళిపోతే ఇక్కడ కోరం ఉండదు."

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆయనతో లాభం లేదని ఆమె భర్త వైపు తిరిగింది.

"ఆపరేషన్స్ అధికారి గారూ, మొన్న సాయంత్రం టీవీనీ బియ్యం బస్తానీ అటకెక్కించింది ఎవరండీ? మీ అమ్మగారిని కొండ మీద మీ చెల్లెలింటికి పంపించింది ఎవరు? చంటిది చెప్పిందనే కదా?"

సభ్యులందరూ ఆయన మొహంలోకి చూశారు. ఆయన టై సర్దుకున్నాడు.

"అది నేను వ్యక్తిగత హోదాలో చేసిన పని మేడమ్ గారూ. మినిట్స్‌లోకి ఎక్కించొద్దని మనవి."

చైర్మన్ తల పంకించాడు. అంత నిక్కచ్చి మనిషి తన కింద పనిచేయడం తన అదృష్టమన్నాడు. తీర్మానం చదివి వినిపించాడు. తగిన రుజువు లేనందున కొత్త మోడల్‌ని మరో ఏడాది పరిశోధనలోనే ఉంచాలి. అందాకా హెచ్చరికలన్నీ పాత మోడల్ ప్రకారమే వెళ్ళాలి.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆమె భర్తదే. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. చంటిది ఓడిపోయినందుకు కాదు, ఆ కాలనీల్లో పిల్లాపాపలతో ఉన్నవాళ్ళు గుర్తొచ్చి.

ఎవరు ఎటు చేతులెత్తారో రాసుకున్నారు. సంతకాలయ్యాయి. చైర్మన్ వందన సమర్పణ చేసి, ఇళ్ళకి జాగ్రత్తగా చేరుకోమని అందరికీ చెప్పి, మీటింగ్ ముగిసిందన్నాడు.

ఆ తర్వాత సభ్యులందరూ ఫైళ్ళు తడవకుండా నెత్తిన పెట్టుకుని, సీనియారిటీ ప్రకారం వరసగా, మేడ వరండా పిట్టగోడ దాటి పడవలోకి దిగారు.