గది దొరక్కపోతే?

రాసిన కోడ్‌ని మూడోసారీ తిప్పి పంపాడు. చంద్రిక ల్యాప్‌టాప్ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"దాన్నెందుకమ్మా కొడతావ్?" అంది అత్తగారు వసుమతి, సోఫాలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతూ.

"రివ్యూయర్ అత్తమ్మా, నేను రాసిన కోడ్‌ల తప్పులు చూసేటోడు. మొండిఘటం. పేరు సుత పెట్టడు, అడుగున రెండక్షరాలు గీకుతడు. ఐదింటికల్లా వాడు ఓకే అనకపోతే నా ఉద్యోగం పర్మినెంట్ కాదని పంజాగుట్ట ఆఫీసు నుంచి మహిపాల్ సార్ రెండుసార్లు ఫోన్ చేసిండు."

గడియారంలో నాలుగుంబావు. అమీర్‌పేటలోని ఈ అత్తవారింటికి వచ్చి తొమ్మిది రోజులే అయింది కాబట్టి ఏడవడానికి చంద్రికకు మొహమాటంగా ఉంది.

"ఇంతకీ ఏంటి నీ పని?"

"కంప్యూటర్ల తెర మీద బొమ్మలు చూపించే ప్రోగ్రాం ఉంటది, డ్రైవర్ అంటం. అది తన ఫైళ్లన్నీ మెమరీల దాచుకుంటది, అందరితో కలిసి ఒక్క జాగాలనే. నేను దానికంటూ ఓ పెద్ద గది కట్టిస్తున్న. మస్తు వేగంగ నడుస్తది."

"మరి ఆయనేమంటాడు?"

"ఒక్కటే ప్రశ్న. గది దొరక్కపోతే?"

"దొరక్కపోతే?"

"డ్రైవర్ ఆగిపోతది. తెర నల్లగైతది. గది లేకుంట అదేం చేస్తది మరి?"

వసుమతి తాపీగా ఒక కాయ పీచు తీసింది.

"యూసుఫ్‌గూడలో మీరు అద్దెకు మాట్లాడుకున్న వాటా ఇంకా ఖాళీ కాలేదు. గది దొరకలేదని నువ్వూ మావాడూ పెళ్లి మానుకున్నారా? మా హాల్లో సర్దుకోలేదూ?"

చంద్రికకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగింది. వేళ్లు కీబోర్డు మీదికి పరుగెత్తాయి. సొంత గది దొరకలేదా, ఆ ముక్క లాగ్‌లో రాసిపెట్టి, ఎప్పటిలాగే అందరి జాగాలో సర్దుకో. ఆగకు. అంతా కలిపి నాలుగు లైన్లు. నడిపి చూసింది. గది ఇవ్వకుండా మళ్లీ నడిపింది. తెర వెలుగుతూనే ఉంది, కాస్త నెమ్మదిగా.

పంపేసరికి ఐదుకు పది నిమిషాలు. వసుమతి గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి, అక్కడి నుంచి తన గదిలోకి వెళ్లింది. చంద్రిక గోళ్లు కొరుక్కుంటూ ఇన్‌బాక్స్ వంకే చూస్తూ కూర్చుంది. నాలుగు నిమిషాలు. ఐదు.

టింగుమంది. ఎప్పుడూ ఇంగ్లిషులో పొడిపొడిగా రాసే మనిషి ఈసారి తెలుగులో రాశాడు:

"బాగుంది, తీసుకున్నాను. ఇక లేచి స్టవ్ కట్టెయ్యమ్మా, కుక్కర్ మూడు కూతలూ వేసింది."