ఘాట్ రోడ్డు లేని దారి

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో తండ్రి మ్యాపు పరిచి, పై రాష్ట్రానికి లారీ తీసుకెళ్ళే కూతురికి దారి వేస్తున్నాడు. చెక్‌పోస్టులు, బరువు బండ్లు ఎక్కకూడని వంతెనలు, నిద్రకు ఆగాల్సిన చోట్లు అన్నిటికీ గుర్తులు పెట్టాడు. ఘాట్ రోడ్డు మాత్రం ఈసారీ కొట్టేశాడు.

"అటూ పర్మిట్ ఉంది, లోడు తేలికే. ఎందుకు నాన్నా ఈ చుట్టుతిరుగుడు?"

"చెప్పింది విను తల్లీ. మీ అమ్మ నడిపిన లారీ లోయలో పడింది ఆ ఘాట్ మలుపులోనే."

"తెలుసు. నీకు చెప్పకుండా రెండుసార్లు అటే వెళ్ళాను." ఆమె గొంతు తగ్గించింది. "అక్కడ హారన్ కొడితే లోయలోంచి బదులొస్తోంది నాన్నా. అచ్చం అమ్మ కొట్టినట్టే."

తండ్రి పెన్సిలు కింద పెట్టాడు.

"నీకూ వినిపించిందా?"